స్పెయిన్ కొండల్లోని అంతర్యుద్ధ స్మారకం: చూడటానికి వెళ్ళవచ్చా?

ఉప్పుటేరు

నేను మాడ్రిడ్‌లో పీజీ చదువుతున్నాను. వచ్చే నెలలో అమ్మా నాన్నా నన్ను చూడటానికి వస్తున్నారు. నాన్న హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఏ ఊరు వెళ్ళినా అక్కడి కోటలూ స్మారకాలూ చూడనిదే ఆయనకు తృప్తి ఉండదు. మాడ్రిడ్‌కు వాయవ్యంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, గ్వాదర్రామా కొండల్లో ఉన్న వాలే దె లోస్ కయీదోస్ (ఇప్పటి పేరు క్వెల్గామూరోస్ లోయ) అనే అంతర్యుద్ధ స్మారకం పేరు ఆయన ఇప్పటికే రాసి పెట్టుకున్నారు. కొండ కొమ్మున 150 మీటర్ల శిలువ, దాని కింద కొండను తొలిచి కట్టిన చర్చి ఉన్న ఫోటోలు చూసినప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ దాని గురించే అడుగుతున్నారు.

నాతో ఒకే ఇంట్లో ఉంటున్న స్పానిష్ స్నేహితురాలికి ఈ మాట చెప్పగానే ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె ముత్తాతను అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో ఇంట్లోంచి పట్టుకుపోయి కాల్చి చంపారట. ఊరి బయట గోతిలోనే ఆయన అస్థికలు ఉన్నాయని ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి నమ్మారట. ఆ గోతిని ఎప్పుడో తవ్వి, అందులోని ఎముకలన్నీ పెట్టెల్లోకి ఎత్తి ఈ స్మారకంలోకి చేర్చారని చాలా ఆలస్యంగా తెలిసిందట. "మీరు వెళ్ళండి, నేను ఏమీ అనుకోను. నన్ను మాత్రం తోడు రమ్మనవద్దు" అని చెప్పింది.

నేను చూసిన పర్యాటక వెబ్‌సైట్లలో శిలువ ఎత్తు, బాసిలికా (కొండలోపలి ఆ చర్చి) పొడవు తప్ప ఈ సంగతి ఎక్కడా కనిపించలేదు. అక్కడికి వెళ్ళడం తగునా? వెళితే ఏం తెలుసుకుని వెళ్ళాలి? చూసి వచ్చినవారు దయచేసి చెప్పండి.

వేయిస్తంభాలు

తప్పకుండా తీసుకెళ్ళండి. ఆ శిలువ హైవే మీద నుంచే చాలా దూరానికి కనిపిస్తుంది. బాసిలికా ముందున్న ఆవరణలో నిలబడి చూస్తే ఒకవైపు కొండలూ, మరోవైపు మైదానమూ కనబడతాయి. రాజకీయాలు ఆ దేశస్థులు చూసుకుంటారు, మనం వెళ్ళేది చూడటానికే కదా.

ఏటిగట్టు

వేయిస్తంభాలు గారితో నేను ఏకీభవించలేను. టికెట్ కొని, మెట్లెక్కి, ఫోటో దిగి వచ్చే చోటు కాదది. తమవారి ఎముకలను తమకు చెప్పకుండా తీసుకుపోయి, చంపించినవాడి సమాధి పక్కనే పెట్టారని తెలిసిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇంట్లో ఉన్న స్నేహితురాలు అంత స్పష్టంగా చెప్పిన తర్వాత ఇక వెళ్ళకపోవడమే మర్యాద అని నా అభిప్రాయం. ఎల్ ఎస్కోరియల్ మఠం పక్కనే ఉంది. రోజంతా చూసినా తరగదు.

మాడ్రిడ్_మామయ్య

నేను ఈ ఊళ్ళో చాలా కాలంగా ఉద్యోగం చేస్తున్నాను. బంధువులు వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న మా ఇంట్లోనూ వస్తుంది. ఉప్పుటేరు, మీ నాన్నగారు సోషల్ మాస్టారంటున్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

1936 జులైలో స్పెయిన్‌లో ఎన్నికైన గణతంత్ర ప్రభుత్వంపై సైన్యంలోని ఒక వర్గం తిరుగుబాటు చేసింది. దాదాపు మూడేళ్ళు సాగిన ఆ యుద్ధం 1939 ఏప్రిల్ 1న తిరుగుబాటుదారుల నాయకుడు, తర్వాత దేశానికి నియంత అయిన జనరల్ ఫ్రాంకో విజయంతో ముగిసింది. సరిగ్గా ఏడాదికి, 1940 ఏప్రిల్ 1న, ఈ స్మారకం కట్టాలని ఆయన ఉత్తర్వు జారీ చేశాడు. ఇక్కడ లేచే రాళ్ళకు ప్రాచీన కట్టడాల గాంభీర్యం ఉండాలనీ, అవి కాలాన్నీ మరపునూ ఎదిరించి నిలవాలనీ ఆ ఉత్తర్వు చెబుతుంది. అందులో తలచుకున్నది తన పక్షాన పోరాడి చనిపోయిన "వీరులను, అమరులను" మాత్రమే. ఓడిన పక్షం ఊసే లేదు. ప్రారంభోత్సవం 1959లో జరిగింది, అదీ ఏప్రిల్ 1నే. మూడు సందర్భాలకూ ఒకే తేదీ ఎందుకొచ్చిందో మీ నాన్నగారికి నేను చెప్పనక్కర్లేదు.

మొదటి వాస్తుశిల్పి పెద్రో ముగురూసా. ఆయన జబ్బుపడిన తర్వాత దియేగో మెందెస్ పని అందుకున్నారు. ద్వారం మీద కనిపించే, చనిపోయిన క్రీస్తును ఒడిలో పెట్టుకున్న మేరీమాత విగ్రహమూ, శిలువ పాదం దగ్గర నల్లరాతిలో చెక్కిన నలుగురు సువార్తికుల మహావిగ్రహాలూ హువాన్ దె ఆవలోస్ చేతిపని. ఆ శిల్పి స్వయంగా గణతంత్ర పక్షపు సానుభూతిపరుడు. యుద్ధం తర్వాత బతుకుతెరువు ఎన్ని వంకరలు తిరిగిందో తెలియడానికి ఆయన జీవితం ఒక్కటి చాలు.

ఫ్రాంకో 1975 నవంబరు 20న చనిపోయాడు. బాసిలికా ప్రధాన పీఠం వెనుక అతన్ని సమాధి చేశారు. పీఠానికి ముందువైపు అప్పటికే ఫలాంహే అనే స్పెయిన్ ఫాసిస్టు పార్టీ వ్యవస్థాపకుడు హోసే ఆంతోనియో ప్రిమో దె రివేరా సమాధి ఉండేది. మిగిలిన 33,800 మందికి పైగా మృతుల అస్థికలు గోడల వెనుక ఉన్న గదుల్లో ఉన్నాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ఇద్దరి సమాధుల మీదే పువ్వులు చూశాను. మిగతావారు ఎక్కడున్నారని అడిగితే పక్కనున్న చిన్న మందిరం వైపు చెయ్యి చూపించారు. అక్కడ తలుపు దగ్గర "దేవుని కోసం, స్పెయిన్ కోసం నేలకొరిగినవారు, 1936-1939" అన్న అర్థం వచ్చే మాటలు తప్ప ఒక్క పేరూ లేదు. ఆ తలుపు ముందు నిలబడకుండా వెనక్కి వచ్చినవారు ఆ స్మారకం చూసినట్టు కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

నల్లరేగడి

మామయ్య గారూ, ఒక అనుమానం. స్మారకం గెలిచినవారి కోసమే అయితే ఓడిపోయినవారి ఎముకలు అక్కడికి ఎందుకు తీసుకెళ్ళారు?

మాడ్రిడ్_మామయ్య

1950ల చివరికి వచ్చేసరికి ఫ్రాంకో ప్రభుత్వానికి పాశ్చాత్య దేశాలతో సంబంధాలు కావాలి. గెలుపు స్మారకమని చెప్పుకోవడం కన్నా సయోధ్య స్మారకమని చెప్పుకోవడం అప్పటి అవసరం. పైగా అంత పెద్ద గదులు నింపాలి. తమ మృతులను అప్పటికే సొంత ఊళ్ళ శ్మశానాల్లో గౌరవంగా ఖననం చేసుకున్న గెలిచిన పక్షం కుటుంబాల్లో చాలామంది వాళ్ళను కదిలించడానికి ఇష్టపడలేదు. 1958లో హోంశాఖ నుంచి స్థానిక అధికారులకు వెళ్ళిన లేఖలో, ఏ పక్షాన పోరాడినా సరే, స్పెయిన్ దేశస్థులూ కాథలిక్కులూ అయితే పంపవచ్చని రాశారు. ఆ తర్వాత దేశం నలుమూలల నుంచి పెట్టెలు రావడం మొదలైంది, 1983 వరకూ వస్తూనే ఉన్నాయి. రోడ్డు పక్కన గోతుల్లో ఉన్న గణతంత్ర పక్షంవారి అస్థికలను ఎత్తేటప్పుడు చాలాచోట్ల ఇంటివాళ్ళను అడగనే లేదు. అడగాలంటే వాళ్ళను ఎవరు చంపారో కూడా ఒప్పుకోవాలి కదా.

12,000 మందికి పైగా మృతుల పేర్లు రిజిస్టరులోనే లేవు. పెట్టె మీద ఊరి పేరు మాత్రం ఉంటుంది.

చీమకుర్తి_రాయి

నేను గ్రానైట్ క్వారీల్లో పనిచేసే మైనింగ్ ఇంజనీరును. యూరప్‌లో ఒక యంత్రాల ప్రదర్శనకు వెళ్ళినప్పుడు ఈ స్మారకం చూడటానికి ప్రత్యేకంగా వెళ్ళాను. రాజకీయం గురించి నాకన్నా తెలిసినవారు రాస్తున్నారు కాబట్టి రాయి గురించి చెబుతాను.

బాసిలికా పొడవు 262 మీటర్లు. అదంతా గ్రానైట్ కొండను తొలిచి తీసిన ఖాళీ. ముందు సొరంగంగా తొలిచి, తర్వాత వెడల్పూ ఎత్తూ పెంచారు. గ్రానైట్‌లో రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చి, ముక్కలు బయటికి లాగడమంటే ఏమిటో మా పని చేసేవారికి తెలుసు. ఈ రోజు మా దగ్గర రంధ్రం వేసేటప్పుడు నీళ్ళు పెడతాం, మాస్కు ఇస్తాం. అయినా ఆ దుమ్ము తప్పదు. 1940లలో గాలి ఆడని సొరంగంలో పొడి డ్రిల్లింగ్ చేసినవారి ఊపిరితిత్తులు ఏమై ఉంటాయి? అక్కడ పనిచేసినవారిలో సిలికోసిస్‌తో, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో, చనిపోయినవారు ఉన్నారు. పేలుళ్ళలోనూ రాళ్ళు మీద పడీ పోయినవారి లెక్కలో వీళ్ళు కలవరు, ఎందుకంటే ఆ జబ్బు మనిషిని పని మానేసిన ఎన్నో ఏళ్ళకు పట్టుకుపోతుంది.

శిలువ నిర్మాణం విషయంలో మాత్రం ఇంజనీరుగా నేను తల వంచాల్సిందే. అడ్డచేతుల వెడల్పు 46 మీటర్లు. గాలి ఎంత బలంగా వీస్తుందో కింద నిలబడితేనే తెలుస్తుంది. అటువంటి కొమ్ము మీద అంత బరువు నిలబెట్టడం చిన్న పని కాదు. లోపలికి వెళితే వేసవిలోనూ చలి, గోడల్లో చెమ్మ. ఆ చెమ్మ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఎముకల పెట్టెలున్న గదుల్లోకీ అదే నీరు దిగింది.

కృష్ణాతీరం

మాది క్రైస్తవ కుటుంబం. మా వారితో కలిసి వెళ్ళినప్పుడు మేము పూజకు కూర్చున్నాం. బెనెడిక్టీన్ సన్యాసులు నిర్వహించే పూజలో బాలుర బృందం పాడింది. ఆ గొంతులు ఆ రాతి గోపురం కింద వినిపించినప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఇరుపక్షాల మృతుల కోసమూ అక్కడ ప్రార్థన చేస్తారు. పీఠం మీది గోపురంలో లక్షల రంగు ముక్కలతో చేసిన చిత్రం ఉంది. 1960లో పోప్ 23వ జాన్ దానికి బాసిలికా హోదా ఇచ్చారు. అది ఇప్పటికీ దేవాలయమే. ఫ్రాంకో కట్టించాడన్న ఒక్క కారణంతో శిలువను కూల్చాలని కొందరు అనడం నన్ను చాలా బాధపెడుతుంది.

ఏటిగట్టు

కృష్ణాతీరం గారూ, మీ ప్రార్థనను నేను తక్కువ చేయడం లేదు. అదే గోపురపు చిత్రంలో సాధుసంతులతో పాటు గెలిచిన పక్షపు జెండాలు కూడా ఉన్నాయి. దేవుని సన్నిధిలో ఒక పక్షపు జెండా ఎగురుతుంటే, రెండో పక్షంవారి మనవరాలు ఆ పీటల మీద కూర్చుని ఎలా ప్రార్థించగలదు? నా అభ్యంతరం శిలువ మీద కాదు, ఆ శిలువను వాడుకున్న తీరు మీద.

కృష్ణాతీరం

ఆ జెండాలు నేను గమనించలేదు. తలెత్తి చూసినప్పుడు క్రీస్తు ముఖమే చూశాను. మీరు అడిగినదానికి నా దగ్గర సులువైన జవాబు లేదు, కానీ ఆ మనవరాలు ప్రార్థించగలిగే చోటుగా దాన్ని మార్చాలే తప్ప ఎవరూ ప్రార్థించకుండా చేయకూడదని నేను అనుకుంటాను. చనిపోయినవారిలో పూజారులూ సన్యాసినులూ వేలమంది ఉన్నారు. మాడ్రిడ్ పక్కనే ఉన్న పారాకువేయోస్‌లో 1936 చివర్లో గణతంత్ర పక్షం అధీనంలో ఉన్న ఖైదీలను వేల సంఖ్యలో కాల్చి చంపారు. వారి బాధనూ లెక్కలోకి తీసుకోవాలి.

మాడ్రిడ్_మామయ్య

పారాకువేయోస్ గురించి కృష్ణాతీరం గారు చెప్పింది ముమ్మాటికీ నిజం, దాన్ని దాచకూడదు. ఒక్క తేడా ఉంది. గెలిచిన పక్షపు మృతులను ఫ్రాంకో ప్రభుత్వం వెతికి తీసి, పేర్లు చెక్కించి, చర్చి గోడల మీద రాయించి, వారి కుటుంబాలను ఆదుకుంది. ఓడిన పక్షంవారి కోసం ఏడవడం కూడా నేరమైన రోజులవి. 2008లో న్యాయస్థానం ముందుకు వచ్చిన జాబితాలోనే ఆచూకీ లేనివారు 1,14,000కు పైగా ఉన్నారు. ఫ్రాంకో పక్షంవారు కాల్చి చంపిన స్పానిష్ కవి లోర్కా అస్థికలు ఈనాటికీ దొరకలేదు.

పాతపుస్తకం

చీమకుర్తి గారు పనివాళ్ళ సంగతి ఎత్తారు కాబట్టి దానికి కొనసాగింపు. 1943 నుంచి 1950 వరకూ అక్కడ రాజకీయ ఖైదీలతో పని చేయించారు. పని చేసిన రోజులకు శిక్షలో తగ్గింపు ఇస్తామన్నది ఏర్పాటు. జైళ్ళలో ఆకలితో మాడటం కన్నా ఇదే నయమని వచ్చినవారు ఉన్నారు, తప్పక వచ్చినవారూ ఉన్నారు. వారిని కాంట్రాక్టర్లకు అప్పగించి, కూలిలో పెద్ద భాగం ప్రభుత్వమే తీసుకునేది. ఎంతమంది అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఖైదీల భార్యాపిల్లలు కూడా ఆ లోయలోనే రాళ్ళూ రెమ్మలూ పేర్చుకుని గుడిసెలు వేసుకుని ఉండేవారు. 2021లో పురావస్తు శాస్త్రవేత్తలు ఆ గుడిసెల పునాదులను తవ్వి వెలికితీశారు. అంత మహాస్మారకానికి నడక దూరంలో, ఒక ఇరుకు గదిలో ఒక సంసారం! నన్ను అడిగితే చూడాల్సింది అది.

అక్కడి నుంచి 1948లో ఇద్దరు విద్యార్థి ఖైదీలు పారిపోయారు: నికొలాస్ సాంచెస్-అల్బొర్నోస్, మాన్యుయెల్ లామానా. ఇద్దరు అమెరికన్ యువతులు అమెరికన్ రచయిత నార్మన్ మైలర్‌కు చెందిన కారులో వచ్చి వారిని ఎక్కించుకుని సరిహద్దు వైపు తీసుకెళ్ళారు. సాంచెస్-అల్బొర్నోస్ తర్వాత చరిత్రాచార్యుడై, స్పానిష్ భాషను ప్రపంచమంతటా నేర్పే సెర్వాంతెస్ సంస్థకు తొలి డైరెక్టరయ్యారు. మాస్టారుగారికి ఈ కథ నచ్చుతుంది.

మనకు మరో సంబంధం కూడా ఉంది. 1938 జూన్‌లో, యుద్ధం నడుస్తుండగానే, నెహ్రూ కృష్ణ మేనన్‌తో కలిసి బార్సిలోనా వెళ్ళి గణతంత్ర పక్షానికి సంఘీభావం తెలిపారు. బాంబులు పడుతున్న ఊళ్ళో ఆయన కొన్ని రోజులు గడిపారు. స్పెయిన్ ప్రజల కోసం మన దేశంలో విరాళాలు పోగు చేశారు. అందువల్ల "మనకెందుకు ఆ దేశం గొడవ" అన్న మాట మన పెద్దలు ఆనాడు అనలేదు.

వేయిస్తంభాలు

పాతపుస్తకం గారు నన్ను ఉద్దేశించే రాశారనుకుంటాను. నేను వెళ్ళినప్పుడు గుడిసెల మాట ఎవరూ చెప్పలేదు, బోర్డు కూడా కనబడలేదు. చెప్పేవాళ్ళు లేనప్పుడు చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

మాడ్రిడ్_మామయ్య

మీ మాట న్యాయమైనది. ఆ స్మారకంతో ఉన్న పెద్ద చిక్కే అది. అంత పెద్ద కట్టడం తన ఆకారంతోనే మాట్లాడేస్తుంది, చూసేవాడికి ప్రశ్న అడిగే సందు ఇవ్వదు. అందుకే నేను కూల్చమనను, అలాగే వదిలేయమనీ అనను. ఎవరు కట్టారు, ఎవరిని తెచ్చిపెట్టారు, ఎవరిని అడగలేదు అన్న మూడు సంగతులూ ద్వారం దగ్గరే రాయాలి. 2011లో ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం కూడా ఆ స్థలానికి కొత్త అర్థం కల్పించాలనీ, ఫ్రాంకో సమాధిని అక్కడి నుంచి తరలించాలనీ సూచించింది.

తరలింపుకు మరో ఎనిమిదేళ్ళు పట్టింది. కుటుంబం కోర్టుకు వెళ్ళింది, సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 2019 అక్టోబరు 24న శవపేటికను తీసి, హెలికాప్టర్లో ఎల్ పార్దో దగ్గరున్న మింగొర్రూబియో శ్మశానానికి చేర్చారు. ఆ ఉదయం మా ఆఫీసులో అందరూ టీవీ ముందు నిలబడి చూశారు. ఒకరు కన్నీళ్ళు తుడుచుకున్నారు, ఒకరు లేచి బయటికి వెళ్ళిపోయారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. 2022 చట్టంతో ఆ చోటికి పాత పేరైన క్వెల్గామూరోస్ లోయ అన్నదే అధికారిక నామమైంది. అంతకు ముందు వాలే దె లోస్ కయీదోస్ అనేవారు. రెండు పేర్లతోనూ వెతకండి. 2023 ఏప్రిల్ 24న హోసే ఆంతోనియో అస్థికలనూ తీసి మాడ్రిడ్ శ్మశానానికి మార్చారు.

నల్లరేగడి

పెద్దవాళ్ళిద్దరి అస్థికలు ఒక్కొక్క రోజులో బయటికి వచ్చాయి. మరి మామూలు మనుషులవి?

ప్రయోగశాల

నల్లరేగడి గారి ప్రశ్నకు జవాబు చెప్పడానికే లాగిన్ అయ్యాను. నేను హైదరాబాద్‌లో డీఎన్ఏ పరీక్షల రంగంలో పనిచేస్తున్నాను. క్వెల్గామూరోస్ పనిని మా రంగంలోని వారంతా ఆసక్తితో గమనిస్తున్నారు.

అరగోన్ ప్రాంతపు ఒక కుటుంబం తమ ఇంటి ఇద్దరు అన్నదమ్ముల అస్థికల కోసం ఏళ్ళ తరబడి పోరాడితే, 2016లో న్యాయస్థానం వెలికితీతకు అనుమతి ఇచ్చింది. అయినా అసలు పని 2023 జూన్‌లో గానీ మొదలుకాలేదు. కష్టం ఎక్కడుందో చెబుతాను. అస్థికలు చెక్కపెట్టెల్లో వచ్చాయి. కొన్ని పెట్టెల్లో ఒక్కరివే, కొన్నింటిలో ఒక గోతిలోని చాలామందివి. వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి గది మూసేశారు. చీమకుర్తి గారు చెప్పిన చెమ్మ వల్ల చెక్క కుళ్ళి, పై పెట్టెలు కింది పెట్టెల మీద కూలి, ఎముకలు కలిసిపోయాయి. అందుకని ముందు ఆ గదుల్లో మనుషులు భద్రంగా నిలబడేలా ఊతాలు కట్టుకోవాలి. తర్వాత ఏ పెట్టె ఏ ఊరిదో పాత రిజిస్టరుతో పోల్చుకుంటూ, ఎముకలను విడదీసి, వయసూ దెబ్బలూ రాసుకుని, పంటి నుంచో తొడ ఎముక నుంచో నమూనా తీయాలి. తడిలో దశాబ్దాలు నానిన ఎముకలో డీఎన్ఏ ముక్కలైపోయి ఉంటుంది.

రెండో సగం ఇంకా కష్టం. పోల్చడానికి బంధువుల నమూనా కావాలి. కొడుకో కూతురో బతికి ఉంటే పని సులువు. వాళ్ళు తొంభై దాటిన వయసులో ఉన్నారు, ఏటేటా తగ్గిపోతున్నారు. మునిమనవలకు వచ్చేసరికి పోలిక బాగా పలచబడుతుంది. ఇప్పటికి కొందరిని గుర్తించి ఇళ్ళకు అప్పగించారు. అందరినీ గుర్తించడం సాధ్యం కాదు, అలాగని ఆపడం న్యాయం కాదు. ఉప్పుటేరు గారూ, మీ స్నేహితురాలి ఇంట్లో ముత్తాతగారి సంతానం ఎవరైనా ఉంటే, వారి నమూనా ఇచ్చారో లేదో ఒకసారి అడగండి. మేము చేసే పనిలో ఆలస్యాన్ని మించిన శత్రువు లేదు.

చీమకుర్తి_రాయి

ప్రయోగశాల గారి వివరణ చదివి చాలాసేపు ఆలోచించాను. నేను ఆ గోడల పక్క నుంచి నడుస్తూ, రాతి పొరల గురించి నాతో వచ్చిన స్నేహితుడికి చెబుతూ ఉన్నాను. ఆ గోడకు అవతల ఏముందో అప్పుడు తెలిసి ఉంటే అంత గట్టిగా మాట్లాడి ఉండేవాణ్ణి కాదు.

బాటసారి

వెళ్ళేటట్టయితే కొన్ని సూచనలు. మాడ్రిడ్ మొంక్లోవా బస్టాండు నుంచి సాన్ లొరెన్సో దె ఎల్ ఎస్కోరియల్‌కు 661, 664 నంబరు బస్సులు ఉన్నాయి. అక్కడి నుంచి లోయకు వెళ్ళే బస్సులు చాలా తక్కువ, ముందే వేళలు చూసుకోండి. పెద్దవాళ్ళతో అయితే కారే మేలు, ఎందుకంటే మెయిన్ గేటు నుంచి బాసిలికా దాకా పైన్ చెట్ల మధ్య ఇంకా కొన్ని కిలోమీటర్ల కొండదారి ఉంది. సోమవారం మూసి ఉంటుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు. దారిలో హువానెలోస్ అనే నాలుగు రాతి స్తంభాలు కనిపిస్తాయి, అవి 16వ శతాబ్దానివి, కారు ఆపి చూడండి. చలికాలమైతే మంచు పడుతుంది, అమ్మగారికి మంచి బూట్లు కొనండి.

ఏటిగట్టు

ఇంత చదివిన తర్వాత నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. తెలియకుండా వెళ్ళవద్దు అనే నా అభ్యంతరం అలాగే ఉంది. తెలుసుకుని, ఆ పక్క మందిరం దగ్గర ఆగి రావడానికైతే వెళ్ళడం తప్పు కాదు. నవంబరు 20 ప్రాంతంలో మాత్రం వద్దు. ఫ్రాంకో అభిమానులు ఆ తేదీకి అక్కడ గుమిగూడేవారు. 2007 చట్టం అక్కడ రాజకీయ సభలను నిషేధించింది, అయినా ఆ రోజుల్లో వాతావరణం వేరుగా ఉంటుంది.

కృష్ణాతీరం

ఏటిగట్టు గారూ, మందిరం దగ్గర ఆగమన్న మీ మాట నాకు నచ్చింది. ఉప్పుటేరు, పూజ వేళకు వెళితే ఆ గంటసేపు లోపల తిరగకుండా కూర్చోవాలి, అమ్మకు ముందే చెప్పు తల్లీ.

ఉప్పుటేరు

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నాన్నకు ఫోన్‌లో ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. మధ్యలో చాలాసార్లు ఆపి తేదీలు రాసుకున్నారు. వెళ్ళాలనే అన్నారు. శిలువ దగ్గర ఫోటోల కన్నా ముందు ఆ తలుపు చూస్తానన్నారు. ఆయన అడిగినది ఇంకొకటి ఉంది: మా స్నేహితురాలి ఊరి పేరు చెబితే, ఆ ఊరి గోతిని నిజంగా అక్కడికే తరలించారో లేదో చూసే వీలుందా? స్నేహితురాలి అమ్మమ్మగారు బతికే ఉన్నారు. నమూనా సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ తెలియదట, ఈ ఆదివారం ఊరికి వెళ్ళి మాట్లాడతానంది.

మాడ్రిడ్_మామయ్య

వీలుంది. అంతర్యుద్ధపు సామూహిక గోతుల పటాన్ని ప్రభుత్వమే వెబ్‌సైట్‌లో పెట్టింది. ప్రాంతం, జిల్లా, ఊరు వరుసగా ఎంచుకుంటే అక్కడి గోతులు వస్తాయి. ఈ లోయకు తరలించినవాటిని వేరే రంగుతో చూపిస్తారు. ఊరి పేరును స్పానిష్ స్పెల్లింగులోనే టైపు చేయాలి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళుంటాయి కాబట్టి జిల్లా పేరు కూడా స్నేహితురాలిని అడిగి పెట్టుకోండి.

ప్రయోగశాల

ఆమె అమ్మమ్మగారు చనిపోయినవారి సొంత కూతురు కాబట్టి అంతకన్నా మంచి నమూనా మరొకటి ఉండదు. చెంప లోపల దూదిపుల్లతో రుద్దితే చాలు, నొప్పి ఉండదని ఆవిడకు చెప్పమనండి. ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే ఫోన్ చేయించండి.